కంట్లో మూడేళ్ల మందు: ఒకే ఆధారం, రెండు షరతులు

రెండు అనుమతి పత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ చిక్కుముడి కనబడుతుంది. ఒకటి బ్రిటన్‌లో 2012 మే నెలలో వచ్చింది. రెండోది అమెరికాలో 2014 సెప్టెంబరు 26న వచ్చింది. షుగర్ వల్ల రెటీనా నడిమి భాగం వాచినప్పుడు కంటి లోపల పెట్టే సన్నని స్టెరాయిడ్ గొట్టం గురించే రెండూ మాట్లాడతాయి. మందు ఫ్లుయోసినోలోన్ ఎసిటొనైడ్. మోతాదు రెండు చోట్లా 0.19 మిల్లీగ్రాములు. ఆధారంగా చూపిన ట్రయల్స్ కూడా రెండు చోట్లా అవే. ఎవరికి వాడాలన్న దగ్గర మాత్రం రెండు పత్రాలూ వేరువేరు దారులు పట్టాయి.

వాపు దీర్ఘకాలంగా ఉండి, అందుబాటులో ఉన్న చికిత్సలకు సరిగా లొంగనివారికి వాడాలని బ్రిటన్ పత్రం చెబుతుంది. గతంలో ఒక విడత స్టెరాయిడ్ చికిత్స తీసుకున్నా కంటి ప్రెషర్ చెప్పుకోదగ్గంతగా పెరగనివారికి వాడాలని అమెరికా పత్రం చెబుతుంది. బ్రిటన్ షరతులో ప్రెషర్ పరీక్ష ఊసు లేదు. అమెరికా షరతులో వాపు ఎన్నాళ్లుగా ఉందన్న ప్రశ్న లేదు.

ఇది మాటల తేడా మాత్రమే కాదు. ఐదేళ్లుగా వాపు ఉండి, లేజర్‌కూ ఇంజెక్షన్లకూ లొంగని మనిషి ఒకరున్నారనుకుందాం. ఆయన కంట్లో ఎప్పుడూ స్టెరాయిడ్ పడలేదు. ఆయన బ్రిటన్ షరతుకు సరిపోతారు, అమెరికా షరతుకు సరిపోరు. ఆరు నెలల కిందట వాపు మొదలై, ఒకసారి స్టెరాయిడ్ తీసుకుని, ప్రెషర్ పెరగని మనిషి సంగతి దీనికి తలకిందులు. ఒకే ఆధారం నుంచి ఇంత వేరైన రెండు షరతులు ఎలా వచ్చాయన్నదే వెతకాల్సిన విషయం.

ముందు జబ్బు గురించి కొంత తెలియాలి. రక్తంలో షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని కారతాయి. ఆ నీరు మాక్యులాలో చేరుతుంది. అక్షరాలు చదవడానికీ, మనిషి ముఖం గుర్తుపట్టడానికీ పనికొచ్చే చోటు అదే. అక్కడ వాపు వస్తే చూపు మసకబారుతుంది. దీన్నే డయాబెటిక్ మాక్యులర్ ఎడిమా అంటారు. ఆ కారుడును, దానికి తోడయ్యే ఇన్‌ఫ్లమేషన్‌ను స్టెరాయిడ్ తగ్గిస్తుంది. మామూలుగా కంట్లోకి ఎక్కించిన స్టెరాయిడ్ కొన్ని నెలల్లో కరిగిపోతుంది. అందుకే మందును ఒక గొట్టంలో పెట్టి కొద్దికొద్దిగా వదిలే పద్ధతి తయారు చేశారు. ఈ గొట్టం పొడవు 3.5 మిల్లీమీటర్లు, మందం 0.37 మిల్లీమీటర్లు. సూదితో కంటి గుడ్డులోకి వదిలితే అక్కడే ఉండిపోతుంది. మందు అయిపోయినా గొట్టం కరగదు.

మొదట చూడాల్సింది గొట్టం మీది అంకెలనే. ఎందుకంటే అవి ఒకదానితో ఒకటి పొసగవు. 0.19 మిల్లీగ్రాములంటే 190 మైక్రోగ్రాములు. ట్రయల్ పత్రాల్లో దీన్ని రోజుకు 0.2 మైక్రోగ్రాముల మోతాదు అన్నారు. 190ని 0.2తో భాగిస్తే 950 రోజులు వస్తాయి. మందు 36 నెలలు వస్తుందని లేబుల్ చెబుతుంది. 36 నెలలంటే దాదాపు 1,095 రోజులు. మధ్యలో నూటనలభై అయిదు రోజుల తేడా ఉంది. పైగా అమెరికా లేబుల్ మొదటి రోజుల వేగాన్ని 0.25 మైక్రోగ్రాములుగా రాసింది. ఆ వేగమే చివరిదాకా ఉంటే 760 రోజులకే గొట్టం ఖాళీ కావాలి.

ఈ తేడాలో దాపరికం ఏమీ లేదు. మందు విడుదల ఒకే వేగంతో సాగదు. మొదట ఎక్కువగా ఉండి, పోను పోను తగ్గుతుంది. 190 మైక్రోగ్రాములు 1,095 రోజులు రావాలంటే సగటున రోజుకు 0.174 మైక్రోగ్రాములకు మించి విడుదల కాకూడదు. 0.2 అన్నది మొదటి వేగమూ కాదు, మూడేళ్ల సగటూ కాదు, మోతాదుకు పెట్టుకున్న గుర్తు. మూడో ఏడాది కంటికి అందే మందు మొదటి ఏడాది కంటే తక్కువ. ఈ సంగతి పక్కన పెట్టుకుని ముందుకు వెళ్లాలి.

ఇక ట్రయల్స్. వీటిని ఫేమ్ ఎ, ఫేమ్ బి అన్నారు. 2005లో మొదలయ్యాయి. రెండూ ఒకే పద్ధతిలో సాగినందువల్ల ఫలితాలను కలిపి చూపారు. మొత్తం 956 మంది. కనీసం ఒకసారి లేజర్ చేయించుకున్నా వాపు తగ్గనివాళ్లనే చేర్చుకున్నారు. 376 మందికి తక్కువ మోతాదు గొట్టం, 395 మందికి రోజుకు 0.5 మైక్రోగ్రాముల గొట్టం పెట్టారు. మిగతా 185 మందికి సూది గుచ్చకుండా గుచ్చినట్టు అనిపించేలా చేశారు. వీళ్లు పోలిక గుంపు. అవసరమైతే అన్ని గుంపులవాళ్లకూ లేజర్ చేయవచ్చు. చార్టు మీద 15 అక్షరాలు, అంటే మూడు వరుసలు అదనంగా చదవగలిగినవాళ్లు ఎందరన్నదే కొలమానం.

రెండేళ్లకు తక్కువ మోతాదు గుంపులో 28.7 శాతం, ఎక్కువ మోతాదు గుంపులో 28.6 శాతం, పోలిక గుంపులో 16.2 శాతం మంది ఆ మెట్టు ఎక్కారు. మూడేళ్లకు అవే అంకెలు వరుసగా 28.7, 27.8, 18.9. మోతాదు రెండున్నర రెట్లు చేసినా చూపులో లాభం పెరగలేదు. ప్రెషర్ తగ్గించడానికి కోత పెట్టి ఆపరేషన్ చేయాల్సి వచ్చినవాళ్లు మాత్రం 4.8 శాతం నుంచి 8.1 శాతానికి పెరిగారు. తక్కువ మోతాదు గొట్టాన్నే ఎందుకు ముందుకు తెచ్చారన్న ప్రశ్నకు ఈ అంకెలు చాలు. ఇంకో సంగతి కూడా ఇక్కడే ఉంది. రెండేళ్లకు గొట్టం పెట్టినవాళ్లకూ పోలిక గుంపుకూ మధ్య తేడా 12.5 పాయింట్లు. మూడేళ్లకు అది 9.8కి తగ్గింది. గొట్టం గుంపు ఉన్నచోటే ఉంది, పోలిక గుంపు కొంచెం పైకి వచ్చింది.

తర్వాత అమెరికా తేదీలు. 2010 జూన్‌లో దరఖాస్తు వెళ్లింది. ఆ డిసెంబరులో మొదటి తిరస్కారం వచ్చింది. మూడేళ్ల ఫలితాలు కూడా చూపమని అడిగారు. 2011లో అవి అందాయి. ఆ నవంబరులో రెండో తిరస్కారం. మందు ప్రమాదాలకు తగినంత లాభం కనబడలేదని, ఇంకో రెండు ట్రయల్స్ కావాలని అందులో ఉంది. 2013లో మళ్లీ దరఖాస్తు, ఆ అక్టోబరులో మూడో తిరస్కారం. 2014 జనవరిలో జరగాల్సిన నిపుణుల సలహా సమావేశం రద్దయింది. ఆ సెప్టెంబరులో అనుమతి వచ్చింది. అటువైపు యూరప్‌లో, బ్రిటన్ పత్రానికీ దాని షరతుకూ మూలమైన సానుకూల నిర్ణయం 2012 ఫిబ్రవరికల్లా వచ్చేసింది. అంటే అమెరికా రెండోసారి కాదన్నాక మూడు నెలలకే, అవే మూడేళ్ల అంకెలు చూసి యూరప్ సరేనంది.

మొదటి అనుమానం తయారీ మీద. మొదటి తిరస్కారంలో తయారీ కేంద్రాల లోపాల ప్రస్తావన ఉంది. చాలామంది కథను అక్కడే ముగిస్తారు. కానీ తయారీ లోపం ఉంటే సరిచేయమంటారు, రోగుల మీద కొత్త ట్రయల్స్ అడగరు. రెండో లేఖ అడిగింది ట్రయల్సే. పైగా తయారీ లోపం సరిచేస్తే వచ్చే అనుమతిలో ప్రెషర్ గురించిన షరతు ఉండాల్సిన పని లేదు. ఈ దారి వదిలేశాను.

రెండో అనుమానం కొత్త ఇంజెక్షన్ల మీద. రక్తనాళాల కారుడును ఆపే యాంటీ వీఈజీఎఫ్ ఇంజెక్షన్లు అప్పటికే వచ్చేశాయి కాబట్టి స్టెరాయిడ్ గొట్టం వెనకబడిందని ఒక వాదన. తేదీలు దీన్ని ఒప్పుకోవు. ఈ వాపుకు రానిబిజుమాబ్ యూరప్‌లో అనుమతి పొందింది 2011 జనవరిలో. అమెరికాలో 2012 ఆగస్టులో. అమెరికాలో మొదటి రెండు తిరస్కారాల నాటికి ఈ జబ్బుకని అనుమతి పొందిన మందు ఒక్కటీ లేదు. వేరే జబ్బుల కోసం వచ్చిన ఇంజెక్షన్లను డాక్టర్లు వాడుతున్న మాట నిజమే, కానీ అది పత్రం మీది అనుమతి కాదు. తిరస్కరించిన చోట పోటీ మందు లేదు. అనుమతించిన చోట ఉంది. వాదన తలకిందులైంది.

అయితే ఈ తేదీలు వేరే ముడి ఒకటి విప్పుతాయి. ట్రయల్ మొదలైన 2005లో లేజరే ప్రధాన చికిత్స. అందుకే పోలిక గుంపుకు లేజర్ దొరికింది. యూరప్ నిర్ణయించే 2012 నాటికి ఇంజెక్షన్ వచ్చి ఏడాది దాటింది. యూరప్ షరతులోని రెండో భాగం, అంటే అందుబాటులో ఉన్న చికిత్సలకు లొంగనివారికి అన్న మాట, ఈ మార్పుకు సరిపోతుంది. అది అందుకే రాశారని నేను అనను. తేదీలు అలా ఉన్నాయని మాత్రమే చెప్పగలను.

మూడో అనుమానం శుక్లం మీద. కంటి సొంత లెన్సు ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఈ గొట్టం వల్ల శుక్లం వచ్చింది. మూడేళ్లలో తక్కువ మోతాదు గుంపులో అలాంటివారిలో 80 శాతం మందికి శుక్లం ఆపరేషన్ అయింది. పోలిక గుంపులో 27.3 శాతమే. ఇంత పెద్ద తేడా ఉన్నప్పుడు షరతు దీని మీదే రావాలి కదా అనిపిస్తుంది. 2014 జూన్‌లో అమెరికాలో ఇంకో స్టెరాయిడ్ ఇంప్లాంట్‌కు సరిగ్గా అలాంటి షరతే పెట్టారు. అది 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్, దానంతటదే కరిగిపోయే రకం. అప్పటికే కృత్రిమ లెన్సు ఉన్నవారికి, లేదా శుక్లం ఆపరేషన్‌కు సిద్ధంగా ఉన్నవారికి మాత్రమేనని ఆ షరతు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ షరతు ఎత్తేశారు. మన గొట్టానికి అనుమతి వచ్చింది కూడా ఆ నెలలోనే. ఒకే నెలలో ఒక మందుకు లెన్సు షరతు తీసేసి, రెండో మందుకు ఆ షరతు పెట్టకుండానే అనుమతి ఇచ్చారు. కాబట్టి అమెరికా లెక్కలో నిర్ణయించింది శుక్లం కాదు. ఫేమ్ ఫలితాలూ దీనికి అడ్డు చెప్పవు. సొంత లెన్సు ఉన్నవాళ్లకు శుక్లం తీసేశాక దక్కిన చూపు, ముందే కృత్రిమ లెన్సు ఉన్నవాళ్లకు దక్కినంతే ఉంది.

మిగిలింది ప్రెషర్. దీని వెనుక ఒక పాత రికార్డు ఉంది. ఇదే మందుతో 0.59 మిల్లీగ్రాముల పెద్ద ఇంప్లాంట్ ఒకటి 2005లో కంటి లోపలి ఇన్‌ఫ్లమేషన్‌కు అమెరికాలో అనుమతి పొందింది. దాన్ని ఆపరేషన్ చేసి కంటి గోడకు కుట్టాలి. షుగర్ వాపు మీద దాన్ని పరీక్షించిన ట్రయల్ ఫలితాలు 2011లో వచ్చాయి. నాలుగేళ్లలో 33.8 శాతం కళ్లకు ప్రెషర్ ఆపరేషన్ అవసరమైంది. 61.4 శాతం కళ్లలో ప్రెషర్ ఏదో ఒక దశలో 30కి చేరింది లేదా దాటింది. కంటి ప్రెషర్ మామూలుగా 21 మిల్లీమీటర్ల పాదరసం లోపు ఉండాలి. అది అదుపు తప్పితే చూపు నరం దెబ్బతింటుంది. ఆ నష్టం వెనక్కి రాదు. మన ఇళ్లలో నీటికాసులు అని భయపడేది దీనికే.

పెద్ద ఇంప్లాంట్‌లో 33.8 శాతం, చిన్న గొట్టంలో 4.8 శాతం. నాలుగేళ్లకూ మూడేళ్లకూ ఉన్న తేడా తీసేసినా ఇది పెద్ద దూరం. మోతాదు ఒక్కటే దీన్ని వివరించదు. పెద్ద ఇంప్లాంట్ మొదట రోజుకు దాదాపు 0.6 మైక్రోగ్రాములు వదిలి, తర్వాత 0.3, 0.4 మధ్యకు దిగుతుంది. అంటే మందు రెండు మూడు రెట్లు, ఆపరేషన్లు ఏడు రెట్లు. ఈ తేడాకు ఇంకో కారణం ఉండే వీలుంది. ఫేమ్‌లో చేర్చుకోని వాళ్ల జాబితా చూస్తే అది తెలుస్తుంది. గ్లాకోమా, అంటే నీటికాసులు ఉన్నవాళ్లు, ప్రెషర్ 21 దాటినవాళ్లు, ప్రెషర్ చుక్కలు వాడుతున్నవాళ్లు లోపలికి రాలేదు. గతంలో స్టెరాయిడ్ వేయించుకుని ప్రెషర్ పెరిగి, ఇంకా చుక్కలు వాడుతున్న మనిషి ఎవరైనా ఉంటే ఆయన గడప దగ్గరే ఆగిపోయారు.

అమెరికా షరతు మూలం ఇక్కడ ఉంది. ఫేమ్‌లో కొందరు అంతకుముందే కంట్లో స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లు. చేర్చుకునే నాటికి వాళ్ల ప్రెషర్ సరిగా ఉంది. అంటే పరీక్ష ఒకటి వాళ్లు ముందే దాటి వచ్చారు. వాళ్లలో తక్కువ మోతాదు గొట్టం పెట్టించుకున్న ఎవరికీ ప్రెషర్ ఆపరేషన్ అవసరం కాలేదు. ఈ విశ్లేషణ పత్రికలో అచ్చయింది 2016లో, అనుమతి వచ్చాక. అయితే 2014లో రాసిన షరతు ఆ గుంపు వర్ణనే. అమెరికా అడిగిన రెండు కొత్త ట్రయల్స్ ఎప్పుడూ జరగలేదు. 2011లో కాదన్న ఫేమ్ అంకెలే 2014లోనూ ఆధారం. మారింది రోగి ఎవరన్న నిర్వచనం.

ఇప్పుడు యూరప్ షరతు. వాపు దీర్ఘకాలంగా ఉండాలన్నారు, ఎన్నేళ్లో పత్రంలో లేదు. ఆ సంఖ్య ఫేమ్‌లో ఉంది. అక్కడ మూడేళ్ల దగ్గర గీత గీశారు. మూడేళ్లు, అంతకు మించి వాపు ఉన్నవాళ్లలో గొట్టం పెట్టినవాళ్లు 34.0 శాతం, పోలిక గుంపువాళ్లు 13.4 శాతం మంది 15 అక్షరాల మెట్టు ఎక్కారు. తేడా 20.6 పాయింట్లు. కాబట్టి మందు పాత వాపుకు బాగా పనిచేస్తుందని చాలాచోట్ల రాశారు. వాపు అంత ముదిరాక మందు ఎక్కువ పనిచేయడమేమిటన్న సందేహం ఎవరికైనా వస్తుంది. వైద్యంలో సాధారణంగా తొందరగా మొదలుపెట్టినవాళ్లకే మేలు ఎక్కువ.

ఫలితాలు చూశాక అనుకూలమైన చోట గీత గీశారా అన్నది మొదటి సందేహం. పత్రాలు దీన్ని కొట్టేస్తాయి. ఈ విభజన ముందే అనుకున్నదని ఫలితాలను అచ్చేసిన వ్యాసాలు స్పష్టంగా చెబుతున్నాయి.

అందుకని గీతకు అవతలివైపు చూశాను. మూడేళ్ల లోపు వాపు ఉన్నవాళ్లలో గొట్టం పెట్టినవాళ్లు 22.3 శాతం, పోలిక గుంపు 27.8 శాతం. ఇక్కడ పోలిక గుంపే ముందుంది. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చని గణాంక పరీక్ష చెబుతుంది కాబట్టి, కొత్త వాపుకు గొట్టం హాని చేసిందని అనడానికి వీల్లేదు. కానీ శాతాలను మనుషులుగా మార్చి చూస్తే విషయం తేటపడుతుంది. తక్కువ మోతాదు గుంపులో మూడేళ్లు దాటినవాళ్లు 209 మంది. వాళ్లలో 34.0 శాతమంటే 71 మంది. మిగతావాళ్లలో 22.3 శాతమంటే 37 మంది. మొత్తం 108. దాన్ని 376తో భాగిస్తే అచ్చయిన 28.7 శాతమే వస్తుంది. పోలిక గుంపులో మూడేళ్లు దాటినవాళ్లు 112 మంది. వాళ్లలో 15 మంది, మిగతావాళ్లలో 20 మంది. మొత్తం 35. దాన్ని 185తో భాగిస్తే 18.9. ముక్కలు మొత్తానికి అతికాయి. అంకెల్లో పొరపాటు లేదు.

ఇప్పుడు కొత్త వాపు నుంచి పాత వాపుకు వెళ్తే ఎవరి అంకె ఎంత కదిలిందో చూడాలి. గొట్టం గుంపు 22.3 నుంచి 34.0కి పెరిగింది. అది 11.7 పాయింట్లు. పోలిక గుంపు 27.8 నుంచి 13.4కి పడింది. అది 14.4 పాయింట్లు. రెండు గుంపుల మధ్య దూరం మొత్తం 26.1 పాయింట్లు మారితే, అందులో సగానికి పైగా పోలిక గుంపు పడిపోవడం వల్ల వచ్చింది. పాత వాపులో గొట్టం మెరుగ్గా పనిచేయడం కథలో ఒక భాగమే. గొట్టం లేనివాళ్లకు పాత వాపులో ఏదీ పెద్దగా పనిచేయకపోవడం రెండో భాగం, కాస్త పెద్ద భాగం. 34.0 శాతం ఒక్కదాన్నే చూపించే రాతల్లో ఇది కనబడదు.

దీనికి కారణం లేజరా? కొత్త వాపు లేజర్‌తో తగ్గి, పాతది తగ్గలేదా? ఆ మాట అనాలనిపిస్తుంది. కానీ ఆ ఫలితాలను విడిగా విశ్లేషించిన 2014 నాటి వ్యాసం, గుంపులకు తోడుగా అందిన చికిత్సల్లో తేడాలు దీన్ని వివరించవని చెప్పింది. చికిత్సకు ముందు కంటి స్థితిలో తేడాలు కూడా వివరించవంది. రెటీనా మందంలో వచ్చిన మార్పులూ అంతే. కాబట్టి ఆ కారణాన్ని నేను రాయలేను.

ఇంకో బలహీనత ఉంది. మూడేళ్లు అన్నది కంటి లోపల కొలిచింది కాదు. వాపు ఉందని తెలిసిన నాటి నుంచి, రోగులు చెప్పిన దాన్ని బట్టి లెక్కించింది. చూపు బాగా మసకబారాకే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లే అలవాటు మనకు తెలియనిది కాదు. అలాంటి మనిషిది కాగితం మీద రెండేళ్ల వాపు, కంట్లో నాలుగేళ్ల వాపు అయ్యే వీలుంది. ఈ గీత అనుకున్నంత పదునైనది కాదు. యూరప్ పత్రం ఏళ్ల సంఖ్య రాయకుండా వదిలేయడం వల్ల నిర్ణయం డాక్టర్ చేతిలో ఉంది.

రెండు షరతులూ ఎలా పుట్టాయో ఇప్పుడు చెప్పవచ్చు. 2011లో అమెరికా చెప్పిన అభ్యంతరం లాభనష్టాల తూకం గురించి. తక్కెడ సరిచేయడానికి రెండు దారులున్నాయి. లాభం వైపు బరువు పెంచవచ్చు, నష్టం వైపు తగ్గించవచ్చు. యూరప్ లాభం ఎక్కువగా కనబడిన రోగులను ఎంచుకుంది. వాళ్లు పాత వాపు ఉన్నవాళ్లు. అమెరికా నష్టం తక్కువగా కనబడిన రోగులను ఎంచుకుంది. వాళ్లు స్టెరాయిడ్‌కు ప్రెషర్ పెరగనివాళ్లు. రెండు గుంపులూ ఫేమ్‌లోనే ఉన్నాయి. రెండు పత్రాలూ ఒకదాన్నొకటి ఖండించవు. ఎవరి ఉద్దేశం ఏమిటో కాగితాలు చెప్పవు, నేనూ ఊహించను.

బ్రిటన్‌లో మాత్రం ముడి ఇంకొకటి మిగిలింది. అనుమతి వేరు, ప్రభుత్వ ఆరోగ్య సేవ ఖర్చు భరించడం వేరు. 2013 జనవరిలో, ఆ ఖర్చు విషయం తేల్చే సంస్థ ఖర్చుకు తగ్గ ఫలితం లేదని కాదంది. అప్పటి జాబితా ధర ఒక్కో గొట్టానికి 5,500 పౌండ్లు. అదే ఏడాది నవంబరులో, తయారీ సంస్థ ధర తగ్గించాక, కృత్రిమ లెన్సు ఉన్న కళ్లకు మాత్రమే సరేనన్నారు. అమెరికా పక్కన పెట్టిన లెన్సు షరతు ఇక్కడ తిరిగి వచ్చింది. 2019 నవంబరులో సొంత లెన్సు ఉన్నవాళ్ల సంగతి మళ్లీ చూసి కాదన్నారు. 2022 సెప్టెంబరులో డెక్సామెథాసోన్ ఇంప్లాంట్‌కు అదే రకం లెన్సు షరతు ఎత్తేశారు. 2024 మార్చిలో ఈ గొట్టానికీ ఎత్తేశారు. సొంత లెన్సు ఉన్నవాళ్లకు శుక్లం తీశాక ఫలితం సమానంగానే ఉంటుందన్న ఫేమ్ అంకె 2012లోనే అచ్చయింది. ఆ అంకె అచ్చయిన పన్నెండేళ్లకు షరతు పోయింది. ఈ ఆలస్యాన్ని వైద్య ఆధారం ఒక్కదానితో చూడలేం. ఈ సంస్థ లెక్కించేది ఖర్చుకు తగ్గ ఫలితాన్ని, ఆ లెక్కలో శుక్లం ఆపరేషన్ ఖర్చు కూడా ఉంటుంది.

నా తీర్పు ఇది. రెండు షరతుల్లో అమెరికా షరతుకే ఆధారం గట్టిది. కంటి ప్రెషర్ కొలిచి తెలుసుకునేది, వాపు వయసు చెప్పించుకుని రాసుకునేది. అయితే అమెరికా షరతు ఒక రికార్డు మీద ఆధారపడుతుంది. గతంలో ఏ స్టెరాయిడ్ వేశారు, ఆ తర్వాత ప్రెషర్ ఎంత వచ్చింది అన్నది రాసి ఉండాలి. అది లేకపోతే డాక్టర్ తేల్చుకోవడానికి ఆధారం ఉండదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్లి ఉండే షుగర్ ఉన్న పెద్దవాళ్లు మన కుటుంబాల్లో చాలామంది. ఇక్కడ కంట్లో స్టెరాయిడ్ వేయించుకుని ఉంటే ఆ కాగితాలు పారేయకండి. మందు పేరు, వేసిన తేదీ, వేయకముందు ప్రెషర్, వేశాక ఒకటి రెండు నెలలకు ప్రెషర్ రాయించుకుని పెట్టుకోండి. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ముందు ఆ కాగితం చూపించండి.